ప్రజాభిప్రాయ సేకరణ దాకా ఆగడమా, ఊరి లెక్కలు ముందే రాసుకోవడమా?

చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలోని చిగురుగుంట బంగారు గని వంటిది తిరిగి తెరుచుకునే చోట, చుట్టుపక్కల పల్లెలు సిద్ధపడటానికి రెండు దారులున్నాయి.

మొదటిది, గనికి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ఊళ్లో జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సభ కోసం ఎదురుచూడటం. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, ఆ మదింపు నివేదిక సారాంశాన్ని తెలుగులోనూ అందుబాటులో ఉంచాలి. సభలో మాట్లాడింది రికార్డుకెక్కుతుంది. అది చిన్న విషయమేమీ కాదు. అయితే నెల రోజుల్లో సారాంశం చదివి, షామియానా కింద మైకు అందినప్పుడు రైతు చెప్పగలిగేది చాలావరకు ఆందోళనే.

రెండోది, ప్రకటన రాకముందే గ్రామసభలో తీర్మానించి, ఏ బోరు ఎన్ని అడుగుల లోతుంది, ఎండాకాలంలో ఎన్ని గంటలు నీళ్లు పోస్తుంది, అడంగల్‌లో (ఊరి సాగు రికార్డులో) పేరెక్కని కౌలుదారులెవరు, ఏ బీడు ఎవరి మందకు మేతనిస్తుంది అన్నవన్నీ తేదీలతో సహా రాసి పెట్టుకోవడం. దీనికి ఓపిక కావాలి, ఊళ్లో పార్టీల గొడవలూ అడ్డొస్తాయి. అయినా నా మొగ్గు దీనివైపే. తవ్వకాల వల్లే నీరు దిగిపోయిందని నిరూపించాలంటే అంతకు ముందరి కొలత చేతిలో ఉండాలి. 2013 నాటి భూసేకరణ చట్టం కౌలుదారులనూ బాధిత కుటుంబాలుగా గుర్తిస్తుంది గానీ, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే పనిచేసి బతుకుతున్నట్టు ఆధారం ఉండాలి. కౌలు మాట మీదే నడిచే పల్లెల్లో ఆ ఆధారాన్ని ఒక్క నెలలో పుట్టించలేం.