కర్ణాటక సంగీతం కొత్తవాళ్లకు ముందు ఏది వినిపించాలి? బాలమురళా, మాండొలినా, ఎమ్మెస్సా?

"కర్ణాటక సంగీతం వినాలని ఉందండీ, ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారు?" అని ఎవరైనా అడిగితే నాకు ఆ రోజంతా పండగే. కానీ ఆ ప్రశ్నకి నేను చెప్పిన జవాబులు చాలాసార్లు బెడిసికొట్టాయి. మా మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా అడిగాడు. ఆనందం పట్టలేక నాకు ప్రాణప్రదమైన ఒక తోడి రాగం పంపాను. ఆలాపన, తానం, పల్లవి, తనియావర్తనం అన్నీ కలిసి గంటకు దగ్గర. పైగా తోడిలో గాంధారం ఎలా ఊగుతుందో రెండు పేజీల ఉత్తరం. వాడు మర్యాదస్తుడు కాబట్టి "వింటాను మామయ్యా" అన్నాడు. ఆర్నెల్లు ఆ ఊసే ఎత్తలేదు.

తప్పు వాడిది కాదు. ఇరవై ఏళ్ల వినికిడి తర్వాత నాకు రుచించేదాన్ని మొదటి ముద్దగా పెట్టాను. అప్పట్నుంచి ఎవరడిగినా మూడింటిలో ఒకటి ఇస్తున్నాను: బాలమురళీకృష్ణ గారి రామదాసు కీర్తనలు, శ్రీనివాస్ మాండొలిన్, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి అన్నమయ్య సంకీర్తనలు. మూడూ నాకిష్టమే. అయినా మొదటిది ఏది కావాలన్న దానిమీద ఇప్పుడు నాకో గట్టి అభిప్రాయం ఏర్పడింది.

ముందు మాండొలిన్ సంగతి. కుర్రాళ్లు అడిగితే చాలామంది దీన్నే సూచిస్తారు, కారణం లేకపోలేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తొమ్మిదేళ్లకే, 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరి చేశాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, ఆ పాటని పిల్లాడు తీగ మీద పట్టుకునేవాడు. అతని వాయిద్యం పాడుతున్నట్టే ఉండటానికి మూలం అక్కడుంది.

ఆ వాయిద్యంతో మన సంగీతం వాయించడం ఎంత కష్టమో కొంచెం చెప్పాలి. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలు, మొత్తం ఎనిమిది. మీటగానే టంగుమని మోగి చప్పున ఆరిపోతుంది. అందుకే సినిమా పాటల్లో మాండొలిన్ వినబడితే గబగబా మీటుతూనే ఉంటారు, నాదం తెగకుండా. మన గమకానికి అది పనికిరాదు. ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి నాదం ఆరకుండా జారాలి, ఊగాలి. శ్రీనివాస్ జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. కరెంటు సాయంతో నాదం నిలబడింది. ఇక ఆ వేళ్లు ఎక్కడికి లాగితే అక్కడికి వెళ్లింది. పద్నాలుగేళ్ల వయసులో, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 2014లో నలభై ఐదేళ్లకే వెళ్లిపోయాడు. ఆ వార్త విన్న రోజు నేను ఇంకేమీ వినలేకపోయాను.

కొత్తవాళ్లకి ఆయన వాయించిన కదనకుతూహల రాగ కృతి, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ గారి 'రఘువంశ సుధాంబుధి', ఇస్తాను. పరుగు ఉంటుంది, మెరుపు ఉంటుంది, అర్థం కాలేదన్న బెదురు ఉండదు. మా వాడికి రెండోసారి పంపింది అదే. ఈసారి గంటలో జవాబు వచ్చింది: "సూపర్ మామయ్యా! చదువుకునేటప్పుడు ఇదే పెట్టుకుంటున్నా."

చదువుకునేటప్పుడు! నాకు సంతోషమూ వేసింది, మనసు చివుక్కుమనీ అంది. మాండొలిన్‌తో మొదలెట్టినవాళ్లు దాన్ని పక్కన పెట్టుకుని ఇంకో పని చేసుకుంటారు. మాటలు లేవు కాబట్టి చెవిని కట్టిపడేసే పగ్గం లేదు. వేగాన్ని మెచ్చుకుంటారు. ఆ వేగం కింద ఉన్న రాగం దగ్గరికి వెళ్లేవాళ్లు కొద్దిమందే.

ఇక ఎమ్మెస్. ఇక్కడ చిక్కు వేరు. ఆవిడ గొంతు తెలియని తెలుగిల్లు ఉందా? సుప్రభాతం గుడి మైకులో, బస్సులో, కాఫీ హోటల్లో, ఎదురింటి కిటికీలోంచి వింటూనే పెరిగాం. ఆ గొంతు వినబడగానే మనం చేతులు జోడిస్తాం. అది గొప్ప విషయమే. అయితే చేతులు జోడించిన మనిషి సంగీతం వినడు, దణ్ణం పెట్టుకుంటాడు. కొత్తగా వినిపిద్దామంటే ముందు ఆ అలవాటుని దాటించాలి.

దాటించగలిగితే మాత్రం అంతకంటే భాగ్యం లేదు. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం పూనుకుని తెచ్చిన బాలాజీ పంచరత్నమాల రికార్డుల్లో అన్నమయ్య పాటలున్నాయి. అన్నమయ్య పదిహేనో శతాబ్దం మనిషి. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు చెక్కారు గానీ వరస ఎలా ఉండేదో వాటిలో లేదు. ఇప్పుడు మనం వింటున్న వరసలు మన కాలపు విద్వాంసులు కట్టినవి. 'నానాటి బతుకు నాటకము'కి రేవతి రాగంలో వరస కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు. "పుట్టుటయు నిజము, పోవుటయు నిజము, నట్టనడిమి పని నాటకము" అని ఎమ్మెస్ పాడుతుంటే, తెలుగు ఆవిడ మాతృభాష కాదన్న సంగతే గుర్తురాదు. అక్షరం అక్షరం కడిగిన ముత్యం.

ఈ పాటని ఇరవై ఏళ్లవాళ్లకి నేను ఇవ్వను. మా వీధిలో ఒక పిన్నిగారికి భర్త పోయిన ఏడాది తిరిగాక ఇచ్చాను. రాత్రి భోజనాలయ్యాక, దీపం తగ్గించి, ఒక్కసారే వినమన్నాను. మర్నాడు ఆవిడ ఏమీ అనలేదు, ఒక గిన్నెలో పులిహోర తెచ్చి ఇచ్చి వెళ్లింది. ఈ పాటకి వయసు కావాలి, లేదా దెబ్బ తగిలి ఉండాలి.

మిగిలింది బాలమురళి. నా ఓటు ఇక్కడే.

త్యాగరాజు తంజావూరు సీమలో తిరువయ్యారులో ఉండి తెలుగులో పాడుకున్నాడు. ఆ కృతులు నేర్చుకోవడానికి తమిళులు, కన్నడిగులు, మలయాళీలు తెలుగు మాటలు కూడబలుక్కుని, పెద్దలనడిగి అర్థం రాసుకుంటారు. మనకి ఆ కష్టం లేదు. తాళంచెవి పుట్టుకతోనే మన చేతికిచ్చారు. అలాంటప్పుడు మనవాడికి మాటల్లేని సంగీతంతో ఎందుకు మొదలెట్టాలి?

శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళి, త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర బెజవాడలో నేర్చుకున్నారు. డెబ్భై రెండు మేళకర్తల్లోనూ, అంటే మూలరాగాలన్నిటిలోనూ, కృతులు రాసిన మహావిద్వాంసుడు. అంత విద్య ఉన్నా రామదాసు దగ్గరికి వచ్చేసరికి పామరుడికి అందేలా పాడతారు. సంగతులు వేసి, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా తిప్పి పాడి, మాటని విరగ్గొట్టరు. విజయవాడ రేడియోలో పొద్దున్నే భక్తిరంజని విన్న తరానికి ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

కొత్తవాళ్లకి నేనిచ్చేది 'ఇక్ష్వాకు కులతిలకా'. దీని గురించి రాగం పేరు కూడా చెప్పను. కథ మాత్రం చెబుతాను: భద్రాచలంలో తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టించాడు. గోల్కొండ చెరసాలలో వేశారు. కొరడా దెబ్బలు తింటున్నవాడు దేవుడికి పద్దు చదువుతున్నాడు. ప్రాకారానికి పదివేల వరహాలు, సీతమ్మకు చింతాకు పతకం, దానికీ పదివేల వరహాలు. రెవెన్యూ ఉద్యోగి కదా, లెక్క తప్పదు! ఆ పద్దు చదువుతూ చదువుతూ ఓపిక నశించి, నీ తండ్రి దశరథుడు పెట్టాడా, నీ మామ జనకుడు పంపాడా, "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అనేస్తాడు. అన్న మరుక్షణం గుండె కరిగిపోయి, "ఈ దెబ్బల కోర్వక అబ్బ తిట్టితినయ్య" అని బతిమాలుకుంటాడు.

ఇంతే చెప్పి, "ఆ తిట్టు దగ్గర్నుంచి ఆ బతిమాలుకోవడం దాకా గొంతు మీద చెవి పెట్టు" అంటాను. ఒక్క ఆనవాలు చాలు. రెండు చెబితే పరీక్షలా ఉంటుంది. తిట్టు విని నవ్వినవాళ్లు రెండు చరణాలు దాటేసరికి నవ్వలేరు. వరస దాదాపు అదే తిరుగుతుంటుంది, మాటతో పాటు భావం మారిపోతుంటుంది. రాగం అంటే ఏమిటో ఉపన్యాసం లేకుండా అక్కడ తెలుస్తుంది. యదుకుల కాంభోజి అన్న పేరు తర్వాత ఎప్పుడు చెప్పినా సరిపోతుంది.

సినిమా దారి ఉంది కదా అంటారు కొందరు. నిజమే, 1980లో శంకరాభరణం చూసి కచేరీల బాట పట్టినవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. కానీ "ఈ రాగం ఫలానా సినిమా పాటలాంటిది" అని ముందే చెప్పడం నేను మానేశాను. విన్నంతసేపూ ఆ పాటనే వెతుక్కుంటారు, ఎదురుగా ఉన్నది జారిపోతుంది.

నా ఓటు అందరికీ వర్తించదు, అదీ చెప్పాలి. న్యూజెర్సీలో ఉన్న మా స్నేహితుడి కూతురికి తెలుగు వంటింటి వరకే వచ్చు, వరహా అంటే తెలియదు, తహసీల్దారూ తెలియడు. ఆ పిల్లకి రామదాసుని ఇస్తే అర్థాల పట్టికా ఇవ్వాలి. అప్పుడు శ్రీనివాసే మేలు. బెర్లిన్‌లో విన్నవాళ్లకి మాత్రం మాటలెక్కడివి? ఆ అమ్మాయి గిటారు నేర్చుకుంటోంది, తీగ మీద వేలు జారడం ఎలాంటిదో నాకంటే బాగా తనకే తెలుసు. కారులో దూరప్రయాణం చేసేవాళ్లకీ, మాటలంటే విసుగెత్తిన రోజుకీ కూడా మాండొలినే.

తెలుగు మాట చెవికి తగలగానే తల తిప్పే మనిషైతే మాత్రం ముందు బాలమురళి. నెలరోజులు రామదాసు విన్నాక శ్రీనివాస్ దగ్గరికి వెళ్తే, మాటల్లేని చోట కూడా ఎవరో ఎవరినో అడుగుతున్నట్టు, బతిమాలుతున్నట్టు వినబడుతుంది. ఎమ్మెస్ ఎప్పుడన్నది మీరు నిర్ణయించకండి. వాళ్ల బతుకులో ఆ రాత్రి వచ్చినప్పుడు ఇవ్వండి.

మా మేనల్లుడికి మూడోసారి పంపింది ఆ రామదాసు కీర్తనే. రాత్రి పదకొండున్నరకి హాస్టల్ నుంచి ఫోన్. నిద్రలోంచి లేచి ఏమైందోనని కంగారుగా ఎత్తాను.

"మామయ్యా, ఆయన్ని చివరికి విడిచిపెట్టారా?"

మంచం మీద లేచి కూర్చుని తానీషా కథ మొదలెట్టాను.