డిమెన్షియా కేర్ హోమ్‌కు మార్కులు వేయాల్సింది సాయంత్రం ఆరింటికి

పొద్దున పదకొండింటికి వెళ్తే ఏ కేర్ హోమ్ అయినా బాగానే కనిపిస్తుంది. స్నానాలు అయిపోయి ఉంటాయి, మేనేజర్ సీట్లో ఉంటారు, సిబ్బంది నిండుగా ఉంటారు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లకు అసలు కష్టం మొదలయ్యేది పొద్దు వాలాక. అలసట పెరుగుతుంది, నీడలు భయపెడతాయి, "ఇంటికెళ్లాలి" అంటూ లేచి తలుపుల దగ్గరికి పోతారు. చాలాచోట్ల డ్యూటీలు మారేదీ, మనుషులు తగ్గేదీ దాదాపు ఆ వేళకే. కాబట్టి ఒకసారి చెప్పి వెళ్లండి. రెండోసారి చెప్పకుండా సాయంత్రం 5 నుంచి 7 మధ్య వెళ్లండి, వీలైతే సెలవు రోజున. ఎవరికో స్నానం చేయిస్తున్నారని ఒక గదిలోకి వద్దనడం సబబే. ఏ కారణమూ చెప్పకుండా హాల్లోకే రానివ్వని చోటును మాత్రం అక్కడితో వదిలేయవచ్చు.

లోపలికి వెళ్లాక గదులు చూడాలని తొందరపడకండి. అందరూ కూర్చునే హాల్లో ఒక మూల 20 నిమిషాలు కూర్చుంటామని అడగండి. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ కిట్‌వుడ్ ఆలోచనల మీద బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న డిమెన్షియా కేర్ మ్యాపింగ్ పద్ధతిలో చేసేదీ ఇదే. శిక్షణ పొందిన పరిశీలకులు హాల్లో కూర్చుని, 5 నిమిషాలకోసారి ఒక్కొక్కరు ఏం చేస్తున్నారు, మనసెలా ఉన్నట్టుంది అని రాసుకుంటారు. మీకు అంత లెక్క అక్కర్లేదు. మందు ఇవ్వడానికో డైపర్ మార్చడానికో కాకుండా, ఊరికే పలకరించడానికి ఎవరైనా వచ్చారా? వీల్‌చైర్‌ను వెనక నుంచి గబుక్కున లాగారా, ఎదురుగా వచ్చి, వంగి, కళ్లలోకి చూసి చెప్పాక కదిలించారా? కూర్చున్నవాళ్ల తలల మీదుగా వాళ్ల గురించే మాట్లాడుకుంటున్నారా? పెద్దవాళ్లను పసిపిల్లల్లా బుజ్జగించే గొంతు చాలామందికి ప్రేమగానే తోస్తుంది, కానీ అలా మాట్లాడినకొద్దీ వాళ్లు స్నానానికీ బట్టలు మార్చడానికీ మరింత ఎదురు తిరుగుతారు.

అదే సమయంలో ముఖాలు చూడండి. కళ్లజోడు అద్దాలు తుడిచి ఉన్నాయా? కట్టుడు పళ్లు నోట్లో ఉన్నాయా, డబ్బాలో ఉన్నాయా? వినికిడి యంత్రం చెవిలో ఉంటే బ్యాటరీ పనిచేస్తోందా? గోళ్ల సందుల్లో మట్టి ఉందా? చెవులు వినబడక, కళ్లు సరిగా కనబడక ఇద్దరు ముగ్గురు ఊరకే కూర్చుని ఉంటే, వాళ్లలో మీరు చూస్తున్న అయోమయంలో కొంత భాగం జబ్బుది కాదు, పట్టించుకోకపోవడానిది. రంగుల గోడలూ పూలకుండీల కన్నా నేను ఈ నాలుగింటికే ఎక్కువ విలువిస్తాను.

ఇక డ్యూటీలో ఉన్న నర్సును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మేనేజర్‌ను కాదు, నర్సునే అడగండి: "రోజూ నెమ్మదిగా ఉండే మనిషి నిన్న సాయంత్రం నుంచి అరుస్తూ చెయ్యి ఎత్తుతున్నారు. మీరేం చేస్తారు?" హోమ్ స్థాయి ఈ ఒక్క జవాబులో తెలిసిపోతుంది. తెలిసినవాళ్లు ముందు కారణం వెతుకుతారు. మూత్రం నిండి ఉందా, మలబద్ధకమా, ఎక్కడైనా నొప్పా, దాహమా, కొత్తగా మొదలుపెట్టిన మందా? గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వచ్చిన మార్పయితే దాన్ని డిమెన్షియా ముదిరిందని సరిపెట్టరు, డెలిరియం (హఠాత్తుగా వచ్చే మతి కలవరం) కావచ్చని జ్వరం, ఆక్సిజన్, షుగర్ చూసి డాక్టర్‌కు ఫోన్ చేస్తారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, నీళ్లు తగ్గడం, ఏదైనా దీన్ని తెచ్చిపెట్టగలదు. తెల్లారేదాకా ఆగితే ప్రాణం మీదికి రావచ్చు. మాటల్లో చెప్పలేనివాళ్ల నొప్పిని కొలవడానికి పెయినాడ్ అనే స్కేలు ఉంది: శ్వాస, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే తగ్గడం. ఈ 5 అంశాలకూ 0 నుంచి 2 చొప్పున మొత్తం 10 మార్కులు. ఈ స్కేలైనా, ఇలాంటిది మరొకటైనా వాడుతున్నారా అని అడిగి, నింపిన కాగితం ఒకటి పేరు కప్పేసి చూపించమనండి.

"డాక్టర్ గారు టాబ్లెట్ రాసిపెట్టారు, వేస్తే పడుకుంటారు" అన్నది మొదటి జవాబైతే ఆ హోమ్‌కు నా దగ్గర పాస్ మార్కు లేదు. ఆ టాబ్లెట్ ఎక్కువగా రిస్పెరిడోన్, క్వెటియాపిన్, హలోపెరిడాల్ లాంటి యాంటీసైకోటిక్ (తీవ్ర మానసిక రోగాలకు వాడే) మందు అయి ఉంటుంది. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఇవి మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్త తరం మందుల మీదా, 2008లో పాత తరం వాటి మీదా అన్నిటికన్నా తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. సుమారు 10 వారాల పరీక్షల్లో మందు తీసుకున్నవాళ్లలో 4.5 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 2.6 శాతం మంది చనిపోయారు. లూయీ బాడీ డిమెన్షియా అనే రకం ఉన్నవాళ్లకైతే, ముఖ్యంగా హలోపెరిడాల్‌తో, ఒళ్లు కొయ్యబారిపోయి స్పృహ తగ్గే ప్రమాదం ఉంది. మీవాళ్లది ఏ రకమో ఫైలు మొదటి పేజీలోనే రాయించండి. ఈ మందులు అసలే వద్దని కాదు. తనకో ఎదుటివాళ్లకో హాని జరిగేటంత పరిస్థితిలో, లేదా భ్రమలతో విపరీతంగా భయపడుతుంటే, అతి తక్కువ డోసుతో, కనీసం 6 వారాలకోసారి అవసరమా కాదా అని తిరిగి చూస్తూ వాడతారు. "ఇక్కడున్నవాళ్లలో ఎంతమంది వీటి మీద ఉన్నారు, ఆఖరిసారి ఎప్పుడు తగ్గించి చూశారు" అని అడిగితే అంకెతో జవాబు రావాలి.

మందుల ట్రాలీ దగ్గర ఇంకో రెండు సంగతులు. మాత్రలన్నీ కలిపి నూరి భోజనంలో కలుపుతున్నారా? నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రను నూరితే రోజంతటి డోసు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) కూడా ఉన్నవాళ్లకు దాని మందు లెవోడోపా గడియారం చూసి ఇవ్వాలి, ట్రాలీ వచ్చినప్పుడు కాదు. గంట ఆలస్యమైతే మింగడానికీ లేవడానికీ కష్టపడతారు.

రాత్రి లెక్క తీసేటప్పుడు "ఎంతమంది సిబ్బంది" అని అడగొద్దు. ఆ అంకెలో వంటవాళ్లు, వాచ్‌మన్ కూడా కలిసిపోతారు. రాత్రి 2 గంటలకు ఈ అంతస్తులో నిద్రపోకుండా ఉండే కేర్‌టేకర్లు ఎంతమంది, పడక పుండ్లు రాకుండా మంచం మీద తిప్పడానికి ఇద్దరు కావలసినవాళ్లు ఎంతమంది అని అడగండి. అంతస్తుకు ఒక్కరే ఉండి, ఇద్దరు పట్టాల్సిన మనిషి ఒకరున్నా సరే, ఆ మనిషిని ఒంటరిగా లాగుతున్నారని, లేదా తెల్లారేదాకా తిప్పడం లేదని అర్థం. ఇద్దరే ఉన్నచోట వాళ్లు ఒక గదిలో ఉన్నంతసేపూ నడవాలో ఎవరూ ఉండరు. ఆ సమయంలో లేచి తిరిగేవాళ్లను ఎవరు చూస్తారో అడగండి. మంచం పక్కన కాలింగ్ బెల్ ఉందని చూపిస్తారు, కానీ డిమెన్షియా ముదిరినవాళ్లకు బెల్ నొక్కాలని గుర్తుండదు. ఎన్ని గంటలకోసారి వెళ్లి చూస్తారు, నేల మీద కాలు పెడితే మోగే సెన్సర్ మ్యాట్ ఉందా అన్నవే పనికొచ్చే ప్రశ్నలు. అగ్నిప్రమాదం డ్రిల్లు రాత్రి సిబ్బందితోనే ఎప్పుడైనా చేశారా అన్నది కూడా అడగండి.

మంచానికి రెండువైపులా రెయిలింగ్ వేసి భద్రంగా ఉన్నారని చెబుతారు. మతి సరిగా లేని మనిషి ఆ రెయిలింగ్ ఎక్కి దూకుతారు, పడే ఎత్తు పెరుగుతుంది. మెడో ఛాతీయో సందులో ఇరుక్కున్న మరణాలూ ఉన్నాయి. తెలిసినచోట నేలకు దగ్గరగా దిగే మంచం, పక్కన మెత్తటి పరుపు వాడతారు. కుర్చీకి నడుము కట్టి, లేదా ముందు బల్ల బిగించి కూర్చోబెట్టిన మనిషి ఒక్కరు కనబడినా కారణం అడగండి. కట్టేసి ఉంచితే కండలు కరిగి, లేచిన రోజున పడే అవకాశమే ఎక్కువ.

ఒక భోజనం మొదటి నుంచి చివరిదాకా చూడాలి. తినిపించేవాళ్లు పక్కన కూర్చున్నారా, నిలబడి నోట్లో కుక్కుతున్నారా? ముందు ముద్ద మింగారని చూసుకుని తర్వాతి ముద్ద పెడుతున్నారా? నెమ్మదిగా తినేవాళ్లకు అరగంట పైన పడుతుంది. 15 నిమిషాల్లో బల్లలు ఖాళీ అయ్యాయంటే సగం పళ్లేలు నిండుగానే వెనక్కి వెళ్లి ఉంటాయి. వెళ్లే పళ్లేలను చూడండి. పళ్లెం రంగూ పదార్థం రంగూ ఒకటే అయితే తిండి ఉన్నట్టే కనబడదు. నీళ్ల గ్లాసు చేతికి అందేటట్టు ఉందా, నోటికి అందించేవాళ్లున్నారా? తాగేటప్పుడు దగ్గు వచ్చేవాళ్లకు చిక్కదనం ఎంత ఉండాలో తాగేవాటికి 0 నుంచి 4 వరకు, తినేవాటికి 3 నుంచి 7 వరకు అంచెలు పెట్టిన ఐడీడీఎస్‌ఐ అనే అంతర్జాతీయ పద్ధతి ఉంది. "కాస్త చిక్కగా కలుపుతాం" అనే చోట ఒక్కో చేతికి ఒక్కో చిక్కదనం వస్తుంది, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాత్రిపూట నోరు శుభ్రం చేయకపోయినా న్యుమోనియాకు దారి పడుతుంది.

తిండి సంగతి తేల్చేది బరువు పుస్తకం. నెలకోసారైనా తూచాలి. నెలలో 5 శాతం, లేదా 6 నెలల్లో 10 శాతం తగ్గితే అది వయసు వల్ల కాదు, వెంటనే చూడాల్సిన విషయం. అంటే 60 కిలోల మనిషి నెలలో 3 కిలోలు తగ్గడం. అలా తగ్గినవాళ్ల కోసం ఏం మార్చారో పుస్తకంలో రాసి ఉండాలి. జబ్బు చివరి దశలో మింగడం తగ్గినప్పుడు ట్యూబు వేయడమే ఆనవాయితీ అయిన చోట జాగ్రత్తపడండి. ఆ దశలో ట్యూబుతో ఆయుష్షు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. చేత్తో ఓపిగ్గా తినిపించడమే మేలని అమెరికాలోని వృద్ధవైద్యుల సంఘం కూడా సిఫారసు చేసింది.

రికార్డులు చదివేటప్పుడు నీటుగా ఉన్నదాన్ని ముందు అనుమానించండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పినట్టు 12, 2, 4, 6 అని ఒకే పెన్నుతో, ఒకే వాటంతో గీసిన సంతకాలుంటే అవి ఒక్కసారి కూర్చుని నింపినవే. నిజంగా చేసిన పనికి 2.10, 4.25 అని వంకరటింకర సమయాలు పడతాయి, "నిద్రపోతున్నారు, లేపలేదు" లాంటి మాటలుంటాయి. పడిపోయిన ఘటనల పుస్తకంలో ఈ ఏడాది ఒక్కటీ లేదంటే ఎవరూ పడలేదని కాదు, ఎవరూ రాయలేదని.

వాసన విషయంలో చాలామంది తొందరపడి తీర్పిస్తారు. ఒక గదిలో ఆ క్షణాన వాసన రావడం సహజం. నడవా పొడవునా అదే వాసన ఉంటే పరుపులూ సోఫాలూ పీల్చుకున్నాయని. ఘాటైన సెంటు వాసన వచ్చినా అంతే. డైపర్ వేసి ఊరుకోవడం కన్నా వేళకు టాయిలెట్‌కు తీసుకెళ్లడం మేలు, దానికి మనుషులు కావాలి. రోజుకు ఇన్ని డైపర్లే అని పరిమితి ఉందేమో సూటిగా అడగండి. టాయిలెట్ మంచం మీద నుంచి కనబడాలి, తలుపు మీద బొమ్మ ఉండాలి, సీటు తెల్లటి నేలలో కలిసిపోకుండా వేరే రంగులో ఉండాలి. గుమ్మం దగ్గర నల్లటి పట్టా వాళ్లకు గొయ్యిలా కనిపిస్తుంది, మెరిసే నేల నీళ్లలా కనిపిస్తుంది. దాటడానికి భయపడి ఆగిపోతే మొండితనం అంటారు. స్నానాల గదిలో వేడినీళ్లు 44 డిగ్రీలు దాటకుండా వాల్వు ఉండాలి.

తిరిగేవాళ్లకు తిరగడానికి చోటుండాలి. తాళం వేసిన తలుపు దగ్గర ముగిసే నడవా కన్నా, చుట్టి తిరిగి మొదటికే వచ్చే దారి, గోడ ఉన్న పెరడు ఎంతో మేలు. నెదర్లాండ్స్‌లోని వేస్ప్‌లో 2009లో మొదలైన, దుకాణం, వీధులతో ఊరిలా కట్టిన డిమెన్షియా కేంద్రం హోగెవేక్ పేరు చెప్పి, హాల్లో దుకాణం బొమ్మలు గీసి ప్రచారం చేసుకునే హోమ్‌లు ఉంటాయి. అక్కడ నేర్చుకోవాల్సింది దుకాణం కాదు. ఆరేడుగురు ఒక ఇంట్లో, రోజూ చూసే ముఖాల మధ్య బతకడం. అందుకే 30 మంది ఉన్న పెద్ద హాలు కన్నా చిన్న గుంపులుగా విడదీసి, అదే కేర్‌టేకర్‌ను అదే గుంపుకు ఉంచే చోటు నాకు నచ్చుతుంది. ఇక్కడ ఏడాదికి పైగా పనిచేస్తున్నవాళ్లు ఎంతమంది అని అడగండి. ఆటలు, పాటలు, పండగ ఫొటోలు ఉంటే మంచిదే, వాటిని చూసి నిర్ణయం తీసుకోకండి.

ఒప్పందంలో ఒక్క వాక్యం మిగతా అన్నిటికన్నా ముఖ్యం: ఏ పరిస్థితిలో మీవాళ్లను తీసుకెళ్లిపొమ్మంటారు? "ప్రవర్తన అదుపు తప్పితే" అని మాత్రమే ఉంటే, జబ్బు ముదిరిన రోజునే బయటికి పంపే హక్కు వాళ్లకు ఇచ్చినట్టు. దాని ముందు ఏయే ప్రయత్నాలు చేస్తారు, ఎన్ని రోజుల గడువు ఇస్తారు అని రాయించండి. ఆసుపత్రిలో ఉన్న రోజులకు ఎంత తీసుకుంటారు, డైపర్లూ ఫిజియోథెరపీ నెల ఫీజులో ఉన్నాయా, డిపాజిట్ ఎన్నాళ్లకు తిరిగిస్తారు, పడిపోతే ఎంతసేపట్లో మీకు ఫోన్ చేస్తారు, ఇవన్నీ నోటిమాటగా వదలొద్దు.

చేర్చే ముందు 2 వారాలు తాత్కాలికంగా ఉంచే వీలుంటే వాడుకోండి. వెంట ఒక్క పేజీ ఇవ్వండి: ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, ఏ పని చేసేవారు, ఏ వైపు తిరిగి పడుకుంటారు, దేనికి భయపడతారు, ఏడిస్తే ఏం చేస్తే ఊరడిల్లుతారు. వారం తర్వాత ఆ పేజీ గురించి మేనేజర్‌ను కాదు, రోజూ స్నానం చేయించే కేర్‌టేకర్‌ను అడగండి. చేర్చిన రోజు బరువు, ఒంటి మీద ఉన్న దెబ్బలూ మచ్చలూ తేదీతో మీరూ రాసుకోండి. మొదటి వారాల్లో నిద్ర చెడడం, ఇంటికి తీసుకెళ్లమనడం మామూలే, దాన్ని బట్టి హోమ్ మంచిదో కాదో చెప్పలేం. పగలంతా మత్తుగా తూలుతుండడం, మడమ మీదో నడుము కింద భాగంలోనో ఎర్రబడి నొక్కినా తెల్లబడని చర్మం (పడక పుండుకు ఇదే మొదలు), కారణం చెప్పలేని కమిలిన గుర్తులు, ఒకరు దగ్గరికి రాగానే ముడుచుకుపోవడం, వీటిలో ఏది కనబడినా అదే రోజు రాతపూర్వకంగా అడగండి. హోమ్ మార్చడం కూడా వాళ్లకు పెద్ద దెబ్బే, కాబట్టి పుండు గురించో మందు గురించో అడిగినప్పుడు నిజం ఒప్పుకుని, ఏం మార్చారో వారంలో చూపించిన చోట ఉంచవచ్చు. కమిలిన గుర్తులకు రెండుసార్లు రెండు రకాల కారణాలు చెప్పిన చోట మాత్రం ఉంచకూడదు.