అన్నం మానేయాలా, కొర్రలకు మారాలా, కొలత తగ్గించాలా: బరువు తగ్గడానికి ఏది మేలు?

సంక్రాంతి అరిసెలు అయిపోయాక ఒకసారి, ఆఫీసులో హెల్త్ చెకప్ రిపోర్టులు చేతికొచ్చాక ఇంకోసారి, ఏటా ఇదే ప్రశ్న వినిపిస్తుంది. అన్నం పూర్తిగా మానేస్తే మంచిదా, కొర్రలు, సామలు తింటే చాలా, లేకపోతే ఇదే అన్నం కాస్త తగ్గించుకుంటే సరిపోతుందా? తీపి తగ్గించాలని, వేళకు నిద్రపోవాలని అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. ఈ మూడు దారుల సంగతే చూద్దాం.

మొదటిది అన్నం మానేయడం. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ మన ఊళ్ళను ఎలా ఊపేసిందో చూసినవాళ్ళకు దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల దాకా నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం, చపాతీ, పప్పు, పండ్లు అన్నీ బంద్. ఇప్పుడు కీటో అని చేస్తున్నవాళ్ళ లెక్క కూడా ఇంచుమించు ఇదే.

బరువు తగ్గుతుందా అంటే తగ్గుతుంది, అదీ త్వరగా. మొదటి వారంలో పోయేది మాత్రం ఎక్కువగా నీరే. పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది, అది ఒక్కో గ్రాము సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థం ఆపగానే ఆ నిల్వ ఖర్చయి, నీళ్ళూ పోతాయి. అలాగని ఇదంతా మాయ అని కొట్టిపారేయలేం. చాలామందికి ఆకలి తగ్గుతుంది, బిస్కెట్లు, మిక్చర్లు వాటంతట అవే ఇంట్లోంచి మాయమవుతాయి, మొత్తం తిండి తగ్గి కొవ్వూ కరుగుతుంది. షుగర్ రీడింగులు కూడా దిగుతాయి. అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడే. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడుతూ ఉన్నట్టుండి అన్నం ఆపేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వాడేవాళ్ళకు కీటోఅసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరిగే ముప్పు ఉంది. వీళ్ళు మొదలుపెట్టే ముందే డాక్టర్‌ని అడగాలి. నాలుగు రోజులు చేసి చూసి అప్పుడు చెబుదామంటే కుదరదు.

రెండో దారి చిరుధాన్యాలు. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ గారి ప్రసంగాలతో కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికలు మళ్ళీ మన కిరాణా కొట్లలోకి వచ్చాయి. ఆయనకు పద్మశ్రీ వచ్చిన 2023నే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మంచి తిండే, నాకూ ఇష్టం. కానీ బరువు విషయానికొస్తే ఒక లెక్క చూడాలి. బియ్యమైనా, సామలైనా, అరికలైనా వండకముందు వంద గ్రాములకు 330 నుంచి 360 కేలరీల మధ్యే ఉంటాయి. తేడా అంతా పీచులో ఉంది. తెల్ల బియ్యంలో మూడు గ్రాముల లోపు, సామలు, అరికల్లో ఆరు గ్రాముల పైన, రాగుల్లో పదకొండు దాకా. పీచు వల్ల కడుపు త్వరగా నిండి రెండో గరిటె దగ్గర ఆగగలిగితే లాభం. కొర్రలు కాబట్టి ఎంత తిన్నా పర్వాలేదనుకుంటే మాత్రం ఏమీ తగ్గరు. మిల్లెట్ మురుకులు, మిల్లెట్ కుకీలు, నెయ్యి కారే కొర్ర పొంగలి తిని బరువు తగ్గలేదని అడిగేవాళ్ళకు నా దగ్గర జవాబు లేదు. ధర బియ్యం కన్నా ఎక్కువ, గంటల తరబడి నానబెట్టాలి. ఈ రెండూ అలవాటైతే షుగర్ ఉన్నవాళ్ళకు తెల్లన్నం కన్నా ఇవే నయం.

ఈ వాదాలన్నిటిలో నాకు నచ్చిన సాక్ష్యం 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం. 609 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కొవ్వు, ఇంకో గుంపుకు పిండిపదార్థం తగ్గించమని చెప్పి ఏడాది పాటు చూశారు. మొదటి గుంపు సగటున 5.3 కిలోలు, రెండో గుంపు 6 కిలోలు తగ్గాయి. చెప్పుకోదగ్గ తేడా కాదది. అసలు తేడా ఒకే గుంపులోని మనుషుల మధ్య కనిపించింది. ఒకే డైట్ మీద కొందరు బాగా తగ్గారు, కొందరు పెరిగారు కూడా.

అందుకే ఏ డైట్ అన్న ప్రశ్న కన్నా ముందు నేను ఇంకొకటి అడుగుతాను. మీ డైట్ కోసం ఇంట్లో రెండో వంట చేయాలా? చేయాల్సి వస్తే అది ఎవరు చేస్తారు?

మన ఇళ్ళల్లో డైట్లు ఆగిపోయేది చాలావరకు ఇక్కడే. మగాయన కీటో మొదలుపెడితే భార్యో తల్లో పిల్లలకు అన్నం, పప్పు వండి, ఆయనకు విడిగా పనీరు, గుడ్లు, కొబ్బరినూనెలో వేపుడు చేసి పెడుతుంది. అలా కొన్ని నెలలు బండి నడుస్తుంది. ఆవిడకు జ్వరమొస్తే, చుట్టాలొస్తే, పిల్లలకు పరీక్షలొస్తే మొదట ఆగేది ఆ రెండో వంటే. ఇక బరువు తగ్గాల్సింది ఆవిడే అయితే విడిగా వండిపెట్టే మనిషే ఉండరు. అందరికీ వడ్డించి, తన కొర్రలు నానబెట్టడం మర్చిపోయి, పారేయలేక గిన్నెలో మిగిలిన అన్నం తింటుంది. దానికి మనస్సు గట్టిగా లేదని పేరు పెడతాం. మా వదిన ఒకసారి విసుక్కుంటూ, “నా డైట్‌కి కూడా నేనే వంటమనిషినైతే ఇంక డైటెందుకు వదినా” అంది. ఏ డైట్ పుస్తకమూ ఈ సంగతి పట్టించుకోదు.

ఈ కొలతతో చూస్తే మూడో దారి మిగతా రెండింటి కన్నా చాలా ముందుంటుంది. ఇంట్లో అందరికీ అదే వంట, అదే కుక్కర్, మారేదల్లా కంచంలో పాళ్ళు.

మన భోజనంలో అన్నం ఒక్కసారి పెట్టుకుంటే సరిపోదు. పప్పులోకి కాస్త, కూరలోకి కాస్త, చారులోకి కాస్త, చివర పెరుగులోకి కాస్త. ఎవరూ ఎక్కువ తిన్నామనుకోరు, కానీ నాలుగు విడతలు కలిపితే ఒక్క పూటకు గ్లాసు బియ్యం అవుతుంది. అందుకని కొంచెం తగ్గించండి అన్న సలహా పనిచేయదు, ఆ కొంచెం ఎక్కడో తెలియాలి. ఏ విడత తీసేయాలో తేల్చుకోవడం సులువు. చారు గ్లాసులో తాగేయొచ్చు. పెరుగు ఉత్తినే తినొచ్చు, మజ్జిగ చేసుకోవచ్చు. ఒక్క విడతకు 40 గ్రాముల బియ్యం అనుకుంటే సుమారు 140 కేలరీలు, రెండు పూటలకు 280. దాన్ని ఇంకో తిండితో పూడ్చుకోకపోతే మొదట్లో నెలకు కిలో దాకా తగ్గొచ్చు, ఆ తర్వాత వేగం తగ్గుతుంది.

తగ్గించిన చోట కూర, పప్పు పెరగాలి, లేకపోతే నాలుగింటికే ఆకలేసి బజ్జీల బండి కనిపిస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల కంచానికి చెప్పిన లెక్క ఇది: రోజంతటికీ ధాన్యాలు 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు. ఆ 250లో ఇడ్లీ, ఉప్మా, చపాతీ కూడా కలిసే ఉన్నాయి. మన ఇళ్ళల్లో చాలావరకు ఈ పాళ్ళు తలకిందులుగా ఉంటాయి. కూర నంజుకోవడానికే అన్నట్టు రెండు చెంచాలు వేసుకుంటాం. పప్పుచారు కన్నా గట్టి పప్పు మేలు. నూనె, కొవ్వు కలిపి రోజుకు 27 గ్రాములన్నారు, అంటే నెలకు మనిషికి లీటరు కూడా పట్టదు. నలుగురున్న ఇంట్లో నూనె ప్యాకెట్లు నెలకు ఎన్ని ఖాళీ అవుతున్నాయో ఓసారి లెక్క చూడండి.

ఇక్కడే ఇంకో మాట. రాత్రి అన్నం మానేశామని గొప్పగా చెప్పేవాళ్ళలో సగం మంది మూడు చపాతీలో, రెండు దోసెలో, పళ్ళెం నిండా ఉప్మానో లాగిస్తుంటారు. టిఫిన్ అనగానే తేలికని మనకో నమ్మకం. నూనె వేసి కాల్చిన మూడు చపాతీలు ఒక మోస్తరు అన్నం కంచానికేమీ తీసిపోవు.

మిగతావాటి గురించి క్లుప్తంగా. పదహారు గంటల ఉపవాసం టిఫిన్ మానేసినా ఇబ్బంది పడనివాళ్ళకు కుదురుతుంది, మిగిలిన ఎనిమిది గంటల్లో తినేది పెరగనంతవరకే. రసాల డైట్ గురించి మాట్లాడటం దండగ. బరువు తగ్గించే ఇంజెక్షన్లు పనిచేస్తాయి గానీ ఆపేశాక బరువు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. అది డాక్టర్‌తో తేల్చుకోవాల్సిన విషయం.

వ్యాయామం సంగతి: అరగంట వేగంగా నడిస్తే 70 కిలోల మనిషికి 150 కేలరీల దాకా ఖర్చవుతాయి, అంటే ఇంచుమించు ఒక విడత అన్నం. కాబట్టి నడకతోనే బరువు తగ్గాలనుకోవద్దు, గుండె కోసం, షుగర్ కోసం నడవండి. దాంతో పాటు వారానికి రెండు రోజులు బరువులెత్తడమో, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడమో, గోడకు పుష్-అప్‌లో చేయాలి. తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. అందుకే ఏ డైట్ ఎంచుకున్నా ఈ కండల వ్యాయామం తప్పదు.

కీటో ఎవరికి నప్పుతుందంటే, ఒంటరిగా ఉంటూ తన వంట తనే చేసుకునేవాళ్ళకు, గుడ్లు, మాంసం తినేవాళ్ళకు, డాక్టర్ కనుసన్నల్లో కొద్ది నెలల కోసం. కొర్రలు, సామలు ఇంటిల్లిపాదీ తినడానికి ఒప్పుకుంటే వారంలో కొన్ని పూటలు అందరికీ అవే వండండి, ఒక్కరి కోసం మాత్రం వద్దు. మిగతావాళ్ళు పెరుగన్నం విడత తీసేసి చూడండి. కాటాతో పాటు టేపు కూడా దగ్గర పెట్టుకోండి: మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు.