పైథానా, ఎలిక్సిరా? రొయ్యల చెరువు దగ్గర తేలిన సంగతి

"అన్నా, పైథాన్ వదిలేసి హాస్కెల్‌లోనో ఎలిక్సిర్‌లోనో మెషిన్ లెర్నింగ్ చేయొచ్చా?" భీమవరం, కాకినాడ కాలేజీల కుర్రాళ్లు ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. ఈ మూడూ ప్రోగ్రామింగ్ భాషలే. హాస్కెల్, ఎలిక్సిర్ మాత్రం ఫంక్షనల్ భాషలు, అంటే ఉన్న విలువని మార్చకుండా ఫంక్షన్లతో కొత్త విలువలు తయారుచేసే రకం. మెషిన్ లెర్నింగ్ అంటే పాత డేటా చూసి కంప్యూటర్ అంచనా కట్టడం నేర్చుకోవడం, అలా నేర్చుకున్నదే మోడల్. పోయిన పంటకు నేనే సగం దారిలో బండి మారాను కాబట్టి ఆ సంగతి ఒకసారి రాసేస్తే సరిపోతుంది.

మాది రొయ్యల చెరువుల పని. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో సెన్సర్ చెబుతుంది. ఇంకో గంటకి ఎంతకు పడిపోతుందో మోడల్ అంచనా కట్టి, ప్రమాదమైతే రైతు ఫోన్ మోగిస్తుంది. ఎండ ఉన్నంతసేపూ ఆక్సిజన్ ఇచ్చే నాచు, చీకటి పడ్డాక తనే వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీవో (కరిగిన ఆక్సిజన్) అడుగంటుతుంది. ఆ వేళకు ఏరేటర్లు (నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రాలు) తిరక్కపోతే పొద్దున్నకి రొయ్య తేలిపోతుంది.

మోడల్ ట్రెయిన్ చేయడం వరకైతే వాదనే లేదు, పైథానే. దాని లైబ్రరీలు (రెడీమేడ్ కోడ్) సైకిట్-లెర్న్, పైటార్చ్‌లలో ఏ ఎర్రర్ వచ్చినా మనకంటే ముందు ఎవరో దాంతో కుస్తీ పట్టే ఉంటారు. ఎలిక్సిర్ సృష్టికర్త జోసె వాలిమ్, ప్రోగ్రామర్ షాన్ మోరియారిటీ కలిసి ఆ భాషకి ఎన్ఎక్స్ అనే లెక్కల లైబ్రరీని 2021లో బయటపెట్టారు. న్యూరల్ నెట్‌వర్క్‌లకు ఆక్సన్, పాత పద్ధతులకు స్కాలర్, పట్టికలకు ఎక్స్‌ప్లోరర్ ఉన్నాయి. కానీ కొత్త పరిశోధన పేపర్ కోడ్ మాత్రం ఎక్కువగా పైటార్చ్‌లోనే దొరుకుతుంది, ఎలిక్సిర్ వైపు మీరే రాసుకోవాలి. వేగం గురించి అడుగుతారు గానీ, అది నా లెక్కలో పెద్ద తేడా కాదు. పైథాన్‌లోని జాక్స్ లైబ్రరీ వాడే ఎక్స్ఎల్ఏ కంపైలర్ (కోడ్‌ని యంత్రం భాషలోకి మార్చేది) మీదే ఎన్ఎక్స్ కూడా నడవగలదు.

నాకు తేడా తెలిసింది రాత్రి మూడింటికి. పైథాన్‌లో ఒకటే లూప్, అందులో పద్నాలుగు చెరువులు. ఒక సెన్సర్ అంకెకు బదులు ఏదో చెత్త అక్షరాలు పంపింది. స్క్రిప్ట్ అక్కడే ఆగిపోయింది, మిగతా పదమూడు చెరువులకీ అలారం లేదు. కావలి మనిషి లేచి చూశాడు కాబట్టి గండం గడిచింది. తప్పు పైథాన్‌ది కాదు, నాదే. తప్పొచ్చినా స్క్రిప్ట్ ఆగకుండా చూసే ట్రై-ఎక్సెప్ట్ పెట్టాను. తర్వాత వారం ఇంకో సెన్సర్ జవాబివ్వకుండా వేలాడేసింది, ఇంతసేపే ఎదురుచూడాలని టైమవుట్ పెట్టాను. ఇలా అతుకు మీద అతుకు పడుతూనే ఉంది.

ఎలిక్సిర్ నడిచేది ఎర్లాంగ్ అనే పాత భాష వర్చువల్ మెషిన్ (ప్రోగ్రామ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మీద. ఎర్లాంగ్‌ని టెలికాం కంపెనీ ఎరిక్సన్ వాళ్లు 1980ల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం తయారు చేశారు. ఒక కాల్ తెగితే మిగతావి తెగకూడదు, అదీ వాళ్ల గొడవ. నా గొడవా అదే. ఇప్పుడు చెరువుకో ప్రాసెస్ (విడిగా నడిచే చిన్న పని), ఒక్కోటి కొన్ని కిలోబైట్లే. చెరువుకీ చెరువుకీ మధ్య గట్టు ఉన్నట్టు, ఒకదాని డేటాని ఇంకొకటి ముట్టుకోలేదు. పడిపోయినదాన్ని సూపర్‌వైజర్ అనే కాపలా ప్రాసెస్ మళ్లీ లేపుతుంది. పైథాన్‌లోనూ క్యూలు, కంటైనర్లు పెట్టి ఇంత గట్టిగా కట్టొచ్చు, పెద్ద టీములు కడతాయి కూడా. ఇక్కడ నేనొక్కడినే, నాకూ నిద్ర కావాలి కదండీ!

అందుకని ట్రెయినింగ్ పైథాన్‌లోనే ఉంచాను. మోడల్‌ని ఏ భాషైనా చదవగలిగే ఓఎన్ఎన్ఎక్స్ ఫైల్‌గా సేవ్ చేసి, ఎలిక్సిర్‌లో ఆర్టెక్స్ లైబ్రరీతో నడుపుతున్నాను. రెండు భాషల కాపురం కొంచెం చిరాకే. ముఖ్యంగా డేటా శుభ్రం చేసే కోడ్ రెండుచోట్లా ఒకేలా ఉండాలి. అది తప్పితే మోడల్ నోరెత్తకుండా తప్పు అంకెలు చెబుతుంది.

మిగతా ఫంక్షనల్ భాషల సంగతి గబగబా చెప్పేస్తాను. హాస్కెల్‌లో పైటార్చ్ లాంటి హాస్క్‌టార్చ్ ఉంది. టెన్సర్ (అంకెల పట్టిక) కొలతల్ని టైపుల్లోనే రాస్తే, పొసగనివి ప్రోగ్రామ్ నడవకముందే కంపైల్ దగ్గర ఆగిపోతాయి. ముచ్చటేస్తుంది గానీ ఓపిక కావాలి. ఓకామెల్ భాషలో ఔల్ లైబ్రరీ లెక్కలకు బాగుంటుంది. మీ ఆఫీసంతా మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్ అయితే అందులోని ఎఫ్ షార్ప్ భాష చూడండి. ఫంక్షనల్ రుచి మాత్రమే కావాలంటే పైథాన్ దాటక్కర్లేదు. జాక్స్ ప్యూర్ ఫంక్షన్లే (ఇచ్చినదాన్ని బట్టే జవాబిచ్చి, బయట దేన్నీ మార్చనివి) కోరుతుంది, యాదృచ్ఛిక అంకెలకు కావాల్సిన రాండమ్ కీ కూడా మనమే చేతికివ్వాలి.

ఉద్యోగం కోసం అడిగేవాళ్లు పైథాన్ వదలొద్దు. సరదా ఉన్నవాళ్లు లైవ్‌బుక్ (ఎలిక్సిర్ కోడ్‌ని సెల్స్ అనే ముక్కలుగా రాసి నడిపే నోట్‌బుక్) దించుకుని మొదలుపెట్టండి. పైన ఒక సెల్ మారిస్తే, కింద దాని మీద ఆధారపడ్డవి పాతబడ్డాయని అదే చూపిస్తుంది. పైథాన్ వాళ్లు వాడే నోట్‌బుక్ జూపిటర్‌లో ఆ సంగతి మర్చిపోయి నేను ఒకే కాలమ్‌ని రెండుసార్లు స్కేల్ చేసి, ఆదివారమంతా పోగొట్టుకున్నాను.