రెండో బ్యారెల్ తెరుచుకున్నాక: కార్బురేటర్ మారుతీ 800తో నా అనుభవం

మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, 796 సీసీ. మారుతీ 800 గురించి ఇంతకు మించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. నాది ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటరు లెక్కతో ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే పద్ధతి, రాకముందు బండి. మా మేనమామ వాడి వాడి నాకిచ్చారు, నేను ఇంకా వాడుతున్నాను. సీట్లు, స్టీరింగ్, బూట్ సంగతి వదిలేద్దాం. నేను రాసేది పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్లోని రెండో బ్యారెల్, అంటే రెండో గాలి దారి, గురించి. అదంటే నాకెంత ఇష్టమో, దాన్ని మూసేసిన మహానుభావుడి మీద అంత కోపం.

కంపెనీ చెప్పిన పవర్ సుమారు 37 బీహెచ్‌పీ. అందులో సగమే చక్రాలదాకా వస్తున్నట్టుండేది నా బండి. వైజాగ్ ట్రాఫిక్‌లో ఏ తేడా తెలిసేది కాదు. సిగ్నల్ దగ్గర చక్కగా కదిలేది, ఐడ్లింగ్ గడియారంలా ఉండేది. హైవే ఎక్కి అరవై దాటాక మాత్రం యాక్సిలరేటర్ నేలకి తొక్కినా మోత పెరిగేదే గానీ ముల్లు కదిలేది కాదు. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు నలుగురం ఉంటే రెండో గేరు కూడా చాలక మొదటి గేరుకి దిగాల్సి వచ్చేది. వెనకాల ఆర్టీసీ బస్సు హారన్. పక్కన మా ఆవిడ మౌనం.

చూపించిన మొదటి షెడ్డులో బానెట్ ఎత్తి రెండు నిమిషాలు విని, "ఇంజిన్ పని చేయించాలి సార్, బోర్ అరిగిపోయింది" అన్నారు. పిస్టన్లు, రింగులు, వాల్వ్ సీటింగ్, అన్నీ కలిపి బండి ఖరీదుకు దగ్గరగా వచ్చే లెక్క చెప్పారు. బోర్ అంటే సిలిండర్ లోపలి గోడ. అది అరిగితే సైలెన్సర్లోంచి నీలంపొగ రావాలి, ఆయిల్ తగ్గాలి. నా బండికి ఆ రెండూ లేవు. అయినా సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ ఎవరూ బయటికి తీయలేదు. పాత ఇంజిన్లకు పవర్ తగ్గిందంటే చాలామంది నోట వచ్చే మొదటి మాట బోర్. అందులోనే నాలుగు డబ్బులు మరి.

గాజువాక ఆటోనగర్‌లో ఓ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి మూడు సిలిండర్లకూ గేజ్ పెట్టారు. రెండు సమానంగా ఉన్నాయి, మూడోది కాస్త తక్కువ. ఆ రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిల్ వేసి మళ్లీ చూశారు. రీడింగ్ పెరిగితే రింగులది తప్పు, పెరగకపోతే వాల్వుది. పెరగలేదు. టాపెట్ గ్యాప్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు, మరీ బిగుసుకుని ఆ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదని సందులు కొలిచే ఫీలర్ గేజ్‌తో తేలింది. అది పావుగంట పని.

తర్వాత ఎయిర్ క్లీనర్ విప్పారు. ఈ కార్బురేటర్లో గాలి వెళ్లే దారులు రెండు. మొదటిది యాక్సిలరేటర్ కేబుల్‌తో తెరుచుకుంటుంది. రెండోదానికి కేబుల్ లేదు. ఇంజిన్ ఎక్కువ గాలి లాగినప్పుడు పుట్టే వాక్యూమ్, సన్నటి గొట్టం ద్వారా రబ్బరు పొర ఉన్న ఓ డయాఫ్రం‌ని లాగితే అది తెరుచుకుంటుంది. ఆయన ఆ గొట్టాన్ని వేలితో తడిమి నవ్వారు. లాగి చూపిస్తే దాని మూతిలో చిన్న స్క్రూ బిగించి ఉంది. ఎవరో ఎప్పుడో మైలేజీ కోసం బిగించేశారు.

"దీనికేటీ కాలేదు బాబూ, ఎవలో పీక నొక్కేసినారు," అన్నారు.

స్క్రూ తీసి గొట్టం తగిలించినా బండి మారలేదు. డయాఫ్రం రాడ్‌ని లోపలికి నొక్కి, గొట్టం మూతిని బొటనవేలితో మూసి, రాడ్ వదిలారు. రబ్బరు బాగుంటే అది అక్కడే ఆగాలి. ఇది మెల్లగా వెనక్కి వచ్చేసింది. విప్పితే రబ్బరు అప్పడంలా పెళుసెక్కి, అంచు దగ్గర చీలి ఉంది. కొత్తది దొరకలేదు, పాత సామాన్ల కొట్లో ఇంకో కార్బురేటర్ కొని దాంట్లోది వేశారు. డెల్కోలో, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, పాయింట్లు మార్చి స్పార్క్ టైమింగ్ కూడా సరిచేశారు.

ఆనందపురం వైపు హైవే మీద మూడో గేరులో తొక్కాను. యాభై దాటగానే శబ్దం మారింది, కింద గొంతుతో ఓ గాండ్రింపు. ఆ వెంటనే సీటు వీపుకు ఆనింది. ఇన్నేళ్లలో ఈ బండికి అలాంటి గొంతు ఉందని నాకు తెలియదు. ఆ గొంతు వినడానికే ఇప్పటికీ అవసరం లేకపోయినా లారీలను ఓవర్‌టేక్ చేస్తుంటాను.

లీటరుకి ఇరవై ఇస్తుందని నేను స్నేహితుల దగ్గర చెప్పుకునేవాణ్ణి. అందులో కొంత ఆ స్క్రూ చలవే అనుకోవాలి. ఇప్పుడు పదిహేడు దగ్గర తిరుగుతోంది. లారీలను దాటే నా సరదా వల్ల పోయింది కొంత, ఇథనాల్ వల్ల పోయింది కొంత. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి, 20 శాతం కలిపితే మైలేజీ ఆరేడు శాతం దాకా తగ్గాల్సిందే. ఈ పెట్రోల్ పాత రబ్బరుకి పడదని పెద్దాయన ఫ్యూయల్ పంపు దగ్గరి గొట్టాలు కూడా మార్పించారు. పాతికేళ్ల రబ్బరు ఏ పెట్రోల్‌లోనైనా చెడేదేనని నా అభిప్రాయం, కానీ ఆయనతో వాదించలేదు.

ఘాట్ మీద ఇప్పుడు రెండో గేరు సరిపోతోంది, ఏసీ ఆపితే. ఏసీ వేస్తే మళ్లీ పాత కథే. పైగా అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పలచన, టర్బో లేని ఏ ఇంజిన్ అయినా పవర్లో పదో వంతు దాకా వదులుకుంటుంది. 37లో మూడున్నర గుర్రాలు కొండకే పోతాయి. వాటిని ఏ మెకానిక్కూ తిరిగి తేలేడు.

ఈ బండి కొనమని సలహా ఇవ్వను. నాకు ఆటోనగర్ దగ్గర, మా ఆవిడకి వేరే కారుంది, రీరిజిస్ట్రేషన్ అయిపోయింది. రోజూ ఆఫీసుకి ఇదే దిక్కయితే నేనూ అమ్మేసేవాణ్ణేమో. ఇప్పటికే ఉన్నవాళ్లు మాత్రం బోర్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు కంప్రెషన్ రీడింగ్ అడగండి, టాపెట్లు చూపించండి, ఎయిర్ క్లీనర్ విప్పి ఆ సన్నటి గొట్టం మూతిలో ఏముందో చూడండి.