అప్పులుండగా దశమభాగమా, ముందు అప్పు తీర్చడమా: ఏది మేలు?

జీతం పడిన రోజు మన క్రైస్తవుల ఇళ్ళల్లో చాలామందికి వచ్చే ప్రశ్న ఇది, కానీ చర్చిలో పైకి అడగాలంటే మొహమాటం, అడిగితే విశ్వాసం లేదనుకుంటారేమో అని భయం. ఒక పక్క రాబడిలో పదోవంతు, అంటే దేవునికిచ్చే దశమభాగం, తీసి పెట్టాలి, ఇంకో పక్క నోటు రాసిచ్చిన అప్పుకి వడ్డీ కట్టాలి, చేతిలో ఉన్నది రెండింటికీ చాలదు. ఏది ముందు? నేను చూసినంతవరకు మనవాళ్ళు మూడు రకాలుగా చేస్తున్నారు: ఏమైనా సరే పదోవంతు ముందు దేవునికే అనేవాళ్ళు, అప్పు తీరేదాకా కానుక పూర్తిగా ఆపేసేవాళ్ళు, కొంచెం ఇస్తూ మిగతాదంతా అప్పుకి కట్టేవాళ్ళు. నాలుగోది కూడా ఒకటుంది, అప్పు చేసి మరీ ఇవ్వడం, దాని గురించి తర్వాత చెప్తాను. నా మాట ముందే చెప్పేస్తున్నా, వడ్డీ ఎక్కువున్న అప్పు నెత్తి మీద ఉన్నంతకాలం మూడోదే మేలు, విశ్వాసం తగ్గి ఈ మాట అనట్లేదు, బైబిల్ చదివే అంటున్నా.

ముందు మొదటివాళ్ళ సంగతి. వీళ్ళంటే నాకు నిజంగా గౌరవం. మలాకీ 3:10 పట్టుకుని, పదియవ భాగమంతా మందిరపు నిధిలోకి తెమ్మన్నాడు, నన్ను శోధించి చూడమన్నాడు, ఆకాశపు వాకిళ్ళు విప్పుతానన్నాడు అని నమ్మి, బియ్యం డబ్బాలో అడుగు కనిపిస్తున్నా కవర్లో పెట్టేసే తల్లులు ఎంతోమంది ఉన్నారు. ఈ అలవాటు వల్ల ఒక మేలు ఖచ్చితంగా ఉంది, డబ్బు చేతికొచ్చిన వెంటనే ఇది నాది కాదు అని గుర్తుంటుంది, మిగిలితే ఇద్దాంలే అనుకునేవాడికి ఏ నెలా మిగలదు. వీళ్ళకి సారెపతు విధవరాలి కథ కూడా బలం, ఉన్నది తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె, ఏలీయా ప్రవక్త ముందు నాకొక చిన్న అప్పం చేసి తెమ్మంటే చేసింది, తర్వాత ఆ పిండి తక్కువ కాలేదు, నూనె అయిపోలేదు.

అయితే ఇదే రాజుల గ్రంథంలో ఇంకో విధవరాలు ఉంది, 2 రాజులు 4వ అధ్యాయం, ఈవిడ గురించి దశమభాగం ప్రసంగాల్లో ఎవరూ ఎత్తరు. ప్రవక్తల శిష్యుల్లో ఒకడి భార్య, భర్త చనిపోయాడు, అప్పులవాడు వచ్చి ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోతానంటున్నాడు. ఆమె ఎలీషా ప్రవక్త దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకుంటే ఆయన ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు తెచ్చుకోమన్నాడు, ఉన్న నూనె కుండ వంచితే పాత్రలన్నీ నిండాయి. అంతా అయ్యాక ఎలీషా ఏం చెప్పాడు? నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదాంతో నువ్వూ నీ పిల్లలూ బతకండి. అంతే. అద్భుతం చేసింది దేవుడు, చెప్పింది దైవజనుడు, అయినా ఆ నూనె డబ్బులో ముందు దేవుని భాగం తియ్యమని గానీ, నాకింత ఇమ్మని గానీ ఒక్క ముక్క లేదు. సారెపతు ఆవిడ గుమ్మంలో అప్పులవాడు లేడు, పైగా ఏలీయా ఆమెకి పిండి గురించి దేవుని మాట ప్రత్యేకంగా ఇచ్చాడు. ఈవిడ గుమ్మంలో అప్పులవాడు ఉన్నాడు. అప్పులవాడు ఉన్న ఇంటికి ఎలీషా చెప్పిన మాటే వర్తిస్తుందని నేను నమ్ముతాను, ఎందుకంటే నా జేబులో ఉన్నా సరే, ఇంకొకరికి ఇవ్వాల్సిన డబ్బు నాది కాదు, నాది కానిది నేను కానుకగా ఎలా ఇస్తాను? అప్పు చేసి తీర్చకుండా ఉండేవాణ్ణి కీర్తన 37:21 భక్తిహీనుడు అంటుంది, ఆ మాట చదివినప్పుడల్లా నాకు వణుకు పుడుతుంది.

దశమభాగం అసలు దేనికి పెట్టారో కూడా చూడాలి. సంఖ్యాకాండం 18 ప్రకారం అది గుడారపు సేవ చేసే లేవీయులకి, వాళ్ళకి అందరిలా భూమి వాటా లేదు కాబట్టి. ద్వితీయోపదేశకాండం 14 చూస్తే ఆ పదోవంతుతో కుటుంబమంతా దేవుని సన్నిధిలో భోంచేసి సంతోషించాలి, ప్రతి మూడో ఏడు పదోవంతు ఊళ్ళోనే ఉంచి లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివాళ్ళు, విధవరాళ్ళు తిని తృప్తి పొందాలి. అంటే అప్పులవాడు పిల్లల్ని పట్టుకుపోతానన్న ఆ విధవరాలు ఆ మూడో ఏట ఇచ్చే వరసలో కాదు, తీసుకునే వరసలో ఉంటుంది. మలాకీ మూడులో కూడా 8వ వచనంలో దేవుని దగ్గర దొంగిలారు అన్న మాట అందరికీ నోటికొచ్చు, 5వ వచనంలో కూలివాళ్ళని కూలి విషయంలో బాధపెట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళనీ తండ్రిలేనివాళ్ళనీ బాధపెట్టేవాళ్ళ మీద సాక్ష్యం పలుకుతానన్నది మాత్రం తక్కువ వినిపిస్తుంది.

సరే, లెక్కలోకి వద్దాం, ఎందుకంటే లూకా 14లో యేసే చెప్పాడు గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని. ఒకతనికి నెలకి 30,000 జీతం అనుకుందాం, ఇల్లు గడవడానికి 19,000, మిగిలేది 11,000. అప్పు 2 లక్షలు, నూటికి మూడు రూపాయల వడ్డీ (మన ఊళ్ళల్లో ఇది మామూలే, ఏడాదికి 36 శాతం అన్నమాట, విన్నప్పుడు మూడే కదా అనిపిస్తుంది). వడ్డీ పోను మిగిలింది ప్రతి నెలా అసలులో జమ అవుతుంది అనుకుందాం. పూర్తి దశమభాగం 3,000 ఇచ్చి 8,000 అప్పుకి కడితే మొదటి నెల 6,000 వడ్డీకే పోతుంది, అప్పు తీరడానికి దాదాపు 47 నెలలు, మొత్తం కట్టేది సుమారు 3 లక్షల 75 వేలు. కానుక పూర్తిగా ఆపి 11,000 కడితే 27 నెలలు. 1,000 కానుక ఇచ్చి 10,000 కడితే 31 నెలలు, కట్టేది సుమారు 3 లక్షల 10 వేలు.

ఇక్కడ కొంచెం ఆగి చూడండి. కానుక మొత్తం ఆపినదానికీ వెయ్యి ఇచ్చినదానికీ తేడా నాలుగు నెలలే. వెయ్యి ఇచ్చినదానికీ మూడు వేలు ఇచ్చినదానికీ తేడా పదహారు నెలలు. మొదటి పద్ధతిలో 47 నెలల్లో దేవునికి వెళ్ళింది 1 లక్షా 41 వేలు. మూడో పద్ధతిలో 31 నెలలకి అప్పు తీరిపోయాక ఆ మిగతా పదహారు నెలల్లో నెలనెలా మూడు వేలూ ఇచ్చి, ముందు తగ్గించిన 62 వేలు కూడా కలిపి ఇచ్చేస్తే అదే 1 లక్షా 41 వేలు వెళ్తుంది, ఇంకా చేతిలో ఇంచుమించు 66 వేలు ఉంటుంది. ఆ 66 వేలు మొదటి పద్ధతిలో ఎటు పోయింది? దేవునికి కాదు, వడ్డీ వ్యాపారికి. ఈ లెక్క కాగితం మీద వేసి ఎవరికి చూపించినా కాసేపు మాట్లాడరు. (అసలు విడతలుగా తీసుకోని వాళ్ళు కూడా ఉంటారు, అప్పుడు బ్యాంకులో తక్కువ వడ్డీకి బంగారం పెట్టి ఇది తీర్చెయ్యడం ఉత్తమం, ఆ బంగారం ఇంట్లో ఉంటే.)

మరి నాలుగు నెలల ముందే తీరుతుంది కదా, మొత్తం ఆపేస్తే పోలా? అంటే రెండోవాళ్ళ మాట. రోమా 13:8 ఎవరికీ ఏమీ బాకీ ఉండొద్దంటుంది, సామెతలు 22:7 అప్పు చేసేవాడు అప్పిచ్చినవాడికి దాసుడు అంటుంది, కాబట్టి వీళ్ళ వైపు కూడా వాక్యం ఉంది. నాకున్న అభ్యంతరం లెక్కలో కాదు, మనసులో. ఇవ్వడం రెండేళ్ళు మానేసిన చెయ్యి మళ్ళీ తెరుచుకోవడం కష్టం, అప్పు తీరింది అనుకునేలోపు బండి ఈఎంఐ వస్తుంది, తర్వాత పిల్లల ఫీజు వస్తుంది. పైగా కానుక సంచి ముందుకొచ్చినప్పుడు తలొంచుకోవాల్సి వచ్చి మెల్లగా ఆదివారం చర్చికే రావడం మానేసినవాళ్ళు ఉన్నారు, ఇది అన్నిటికంటే పెద్ద నష్టం. మన పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం అని ఉండేది, కొన్ని చోట్ల ఇప్పటికీ ఉంది, అన్నం వండే ముందు ఆ ఇంటావిడ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది, ఆదివారం అది చర్చికి వెళ్తుంది. 1912లో బిషప్ అయిన అజరయ్య గారి దోర్నకల్ అధ్యక్ష మండలంలో విశ్వాసులు ఎక్కువమంది కూలికెళ్ళే పేదలు, అలాంటి సంఘాలు కూడా ఇచ్చే సంఘాలుగానే ఎదిగాయి, ఎంత పేదవాడైనా ఇవ్వగలడు అన్న గౌరవం దాంట్లో ఉంది. అప్పులో ఉన్నవాడికి కూడా ఆ గౌరవం ఉండాలి. 2 కొరింథీ 8:12లో పౌలు చెప్పింది ఇదే, సిద్ధమైన మనసుంటే శక్తికి మించి కాదు, కలిమి కొలదే ఇచ్చింది ప్రీతికరం. ఆ వెయ్యి అందుకే, వెయ్యి కుదరకపోతే వంద.

ఇక ఆ నాలుగోది. "విత్తనం" పేరుతో అప్పు తెచ్చి, బంగారం పెట్టి, క్రెడిట్ కార్డు గీకి ఇవ్వమనడం, ఇస్తే వందరెట్లు వస్తుంది, అప్పులన్నీ ఎగిరిపోతాయి అని చెప్పడం. దీంట్లో నాకు ఎటూ తూచడానికి ఏమీ లేదు, ఇది తప్పు. వందరెట్లు అన్న మాట మార్కు 10:30లో ఉంది, అక్కడే హింసలతో పాటు అని కూడా ఉంది, ఆ ముక్క వదిలేసి చెప్తారు. రెండు కాసులు వేసిన బీద విధవరాలి సంగతి మార్కు 12లో వస్తుంది, దానికి సరిగ్గా ముందు మాట విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రుల గురించి. తల్లిదండ్రులకి పెట్టాల్సింది కొర్బాను అని దేవుని పేర రాసేసి వాళ్ళని వదిలేసినవాళ్ళని యేసు మార్కు 7లో గట్టిగా తప్పుపట్టాడు. అమ్మకి బీపీ మాత్రలు కొనకుండా స్టేజి మీద కవరు ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు ఆ అధ్యాయమే గుర్తొస్తుంది, కోపం ఇచ్చినవాళ్ళ మీద కాదు, అడిగినవాళ్ళ మీద.

అన్ని అప్పులూ ఒకటి కాదు, ఇది ముఖ్యం. నేను పైన చెప్పిందంతా నూటికి రెండు, మూడు వడ్డీలు, క్రెడిట్ కార్డు బాకీలు, లోన్ యాప్‌లు లాంటివాటి గురించి. ఇరవై ఏళ్ళ హోమ్ లోన్ పెట్టుకుని లోన్ తీరాక ఇస్తా అంటే అది ఇవ్వకపోవడానికి సాకు, దానికి ఈఎంఐ ఖర్చులో కలిపేసుకుని పూర్తి భాగం ఇవ్వడమే మేలు. ఇంకోటి, అప్పు తీర్చేటప్పుడే పదివేలో పదిహేనువేలో అత్యవసరానికి పక్కన పెట్టుకోండి, యోసేపు సమృద్ధి ఏళ్ళలో అయిదో వంతు దాచమన్నాడు కదా, జ్వరం వచ్చి ఆసుపత్రి ఖర్చు పడితే మళ్ళీ అదే వడ్డీ గుమ్మం తొక్కాల్సి వస్తుంది.

తృప్తి సంగతి కూడా ఈ లెక్కలోనిదే. ఫిలిప్పీ 4:11లో పౌలు ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం నేర్చుకున్నాను అన్నాడు, ఆ మాట నాకు చాలా ధైర్యం, అంటే ఆయనకి కూడా పుట్టుకతో రాలేదు. దేవుడు వందరెట్లు ఇవ్వలేదే అని ఎదురు చూస్తూ ఇచ్చేవాడికి ప్రతి నెలా నిరాశే, ఆపేసినవాడికి ప్రతి ఆదివారం తప్పు చేసినట్టు ఉంటుంది, ఇంత అని మనసులో నిశ్చయించుకుని, భార్యాభర్తలిద్దరూ కూర్చుని ప్రార్థన చేసుకుని రాసుకున్నవాళ్ళు మాత్రం ప్రశాంతంగా ఉంటారు, నోటు మీద అసలు తగ్గడం కళ్ళతో చూస్తారు.

మరి అయ్యగారి సంగతేంటి అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. చాలా పల్లెల్లో పాస్టర్ గారికి జీతం లేదు, మనం ఇచ్చే కానుకలే ఆ ఇంటికి ఆధారం, సువార్త ప్రకటించేవాళ్ళు సువార్త వలన జీవించాలని 1 కొరింథీ 9:14లో ఉంది. అందుకే చెప్పకుండా తగ్గించొద్దు, వెళ్ళి "అయ్యగారూ, వందనాలండి, నోటు అప్పు ఇంత ఉంది, ఫలానా నెలదాకా ఇంతే ఇవ్వగలను, మా కోసం ప్రార్థన చెయ్యండి" అని చెప్పండి. పెరట్లో కాసిన సొరకాయ, పొలంలో పండిన బియ్యం, చర్చి లెక్కలు రాయడం, పిల్లలకి ఆదివారం బడి చెప్పడం, ఇవన్నీ ఇవ్వడమే. మంచి కాపరి అయితే అప్పు తీర్చే దారి కూడా చూపిస్తాడు. ఆ మాట విని మొహం మాడ్చుకుంటే ఆ సంఘం గురించి ఆలోచించుకోవాల్సిందే.

అప్పు తీరిన తర్వాత ఎంత ఇవ్వాలి అన్నదానికి నాకు శాతం కంటే మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ చెప్పిన లెక్క నచ్చుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కుర్రాడు ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో బతికి 2 ఇచ్చాడట, మరుసటి ఏడు 60 వస్తే కూడా 28తోనే బతికి 32 ఇచ్చాడు, తర్వాత 90 వస్తే 62 ఇచ్చాడు, ఆ కుర్రాడు వెస్లీయే అని అంటారు. మనకి పిల్లలున్నారు, ధరలు పెరుగుతాయి, అచ్చంగా అలా కుదరదు, కానీ 31 నెలలు 19,000తో ఇల్లు నడిపినవాళ్ళకి ఎలా నడపాలో అప్పటికే తెలుసు. నోటు చించేసిన నెలలో 10,000 ఖాళీ అవుతుంది, అది ఖర్చుల్లో కలిసిపోకముందే అందులో కానుకకెంత, పొదుపుకెంత, ఇంకా నూటికి మూడు కడుతున్న చుట్టాలకో పక్కింటివాళ్ళకో వడ్డీ లేకుండా సర్దడానికెంత అని ఇంటి లెక్కల పుస్తకంలో రాసేసుకోవాలి.