థింక్‌ప్యాడ్ టీ430 ల్యాప్‌టాప్ కింది బాడీ: మూడేళ్లు వాడాక

బెజవాడ గవర్నరుపేట సర్వీసు షాపులో ల్యాప్‌టాప్ బాడీ అడిగితే ముందు ఏ ప్యానెలో చెప్పమంటారు. మూత వీపు ఏ, తెర చుట్టూ ఫ్రేము బి, చేతులు ఆనే భాగం సి, అడుగు డి. కింద పడి మూల పగిలితే మారాల్సింది డి. అన్నిటికన్నా విసిగించేది కూడా అదే, మదర్‌బోర్డు దాకా విప్పితే గానీ ఊడిరాదు.

డిలో దొరికేవి రెండు రకాలు: కొత్త కంపాటిబుల్ (వేరేవాళ్లు దీనికి సరిపోయేలా చేసింది), తుక్కు మెషిన్ నుంచి తీసిన పాత ఒరిజినల్. రెండూ వాడి చూశాక నా ఓటు గీతలు పడ్డ ఒరిజినల్‌కే. కంపాటిబుల్‌లో యూఎస్‌బీ రంధ్రాలు బిగుతుగా వచ్చాయి, సన్న ఆకురాయితో రుద్దాల్సొచ్చింది. అసలు తలనొప్పి మాత్రం స్క్రూలు పట్టుకోవడానికి ప్లాస్టిక్‌లో దించిన ఇత్తడి బుష్‌లు. రెండోసారి విప్పేసరికి ఒక బుష్ స్క్రూతో పాటే బయటికొచ్చింది. సోల్డరింగ్ ఐరన్ మొనతో బుష్‌ని వేడిచేసి, నిటారుగా, మెల్లగా దించితే ప్లాస్టిక్ కరిగి మళ్లీ పట్టుకుంటుంది. ఫెవిక్విక్ జోలికి పోవద్దు, చుట్టూ తెల్లటి పొగమరక మిగులుతుంది, పట్టూ ఉండదు.

విప్పేటప్పుడు మొదట బ్యాటరీ లాగేసి, పవర్ బటన్ ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోండి. అడుగున కీబోర్డు గుర్తున్న స్క్రూలు తీసి, కీబోర్డును తెర వైపు జరిపితే ముందు అంచు పైకి లేస్తుంది. గుంజకండి, కింద కేబుల్ ఉంది. తర్వాత సి ప్యానెల్, వైఫై తీగలు, తెర కేబుల్, తెర, చివరికి లోపలి ఫ్రేముతో సహా మదర్‌బోర్డు. ఏ తీగ ఎటు పోయిందో ఫోటో తీయకపోతే బిగించేటప్పుడు ఏదో ఒకటి తెర మడతపడే హింజు కింద నలుగుతుంది.

స్క్రూలన్నీ ఒక గిన్నెలో పోయడం పెద్ద పొరపాటు. థర్మకోల్ ముక్క మీద మెషిన్ బొమ్మ గీసి, ఎక్కడిది అక్కడే గుచ్చండి. పొట్టి స్క్రూ చోట పొడుగుది ఎక్కించారో, చేయి ఆనించే చోట బొడిపె లేస్తుంది, కర్మ కాలితే బోర్డుకే గుచ్చుకుంటుంది. బిగింపుకి లెనోవో మెయింటెనెన్స్ మాన్యువల్లో లెక్క ఉంది: ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ అయితే స్క్రూ తల ఆనాక ఇంకో 90 డిగ్రీలు, బోర్డు మీదైతే 180. అంతకు మించితే బుష్ గతి పైన చెప్పిందే. నైలాన్ పూతున్న స్క్రూలు రెండోసారి వాడొద్దని కూడా అందులోనే ఉంది, కానీ ఇక్కడ విడిగా ఎవరమ్ముతారు?

ఇంత విప్పాక ఫ్యాన్‌ని వదిలేయకండి. రాగి రెక్కల మధ్య దుమ్ము చాపలా అట్టకడుతుంది. బ్రష్‌తో తీసి, ప్రాసెసర్ మీద వేడిని లాగే థర్మల్ పేస్టు బియ్యపుగింజంత పెడితే చాలు.

కంపాటిబుల్‌తో రబ్బరు కాళ్లు రాలేదు. డబుల్ టేపుతో అంటిస్తే బెజవాడ మే ఎండకి జిగురు మెత్తబడి జారిపోయాయి. ఫెవిబాండ్‌తో అంటించినవి ఇంకా ఉన్నాయి.

పాత అడుగు పారేసే ముందు సీరియల్ నంబరు, విండోస్ కీ స్టిక్కర్లను ఫోటో తీసుకోండి. స్టిక్కర్ ఊడదీయాలని చూస్తే చిరుగుతుంది.